అమ్మగారి ఆఖరి దుంప

మా సండేస్కూలు అమ్మగారు పోయిన మంగళవారం ప్రభువునందు నిద్రించారు. అల్లూరు పక్కన మా ఊళ్లో ఆమె దగ్గర వాక్యాలు వల్లె వేయని పిల్ల లేదు. కబురు వినగానే నాకు గుర్తొచ్చింది మాత్రం వాక్యం కాదు, ఆమె పూలమడి.

గ్లాడియోలస్ అనడానికి మాకు నోరు తిరగక గ్లాడీ పూలనేవాళ్లం. కత్తిలాంటి ఆకులు, నిలువెత్తు కాడ, దాని పొడుగునా ఎర్రటి పూలు. ఆ దుంపలు ఆమె భర్త మదనపల్లె నుంచి తెచ్చారు. ఆకు పండాక తవ్వి ఎర్రగడ్డల బుట్టలో ఆరబెడితే, ఆ మహానుభావుడే చిన్న ఉల్లిపాయలనుకుని చేపల పులుసులోకి తరిగేశారట. "ఆ చేదు ఇప్పటికీ నా నాలిక మీదనే ఉండాది మే" అని అమ్మగారు నాతో చెప్పి చెప్పి నవ్వేవారు.

ఆయన పోయాక ఆమెకు ఒకటే పట్టుదల. ఈస్టర్ తెల్లవారుజామున మేమంతా సమాధుల దగ్గరికి బంతిపూలు తీసుకెళితే, ఆమె తన మడిలో పూసిన గ్లాడీ కాడ తెచ్చేవారు. కొన్న పువ్వు పెట్టేవారు కాదు. "కింది పువ్వు వాడితేగాని పైది విచ్చుకోదు. ఆయన ముందు పోయినాడు, నా వంతు రావాల" అనేవారు.

తర్వాత చుట్టూ పొలాలన్నీ రొయ్యల గుంటలయ్యాయి. బోరు నీళ్లు ఉప్పెక్కాయి, మడి మీద తెల్లగా పొరగట్టింది. ఏటేటా కాడలు పొట్టివై చివరికి ఆకులే మిగిలాయి. తాగడానికి కొన్న క్యాను నీళ్లలో సగం మడికే పోసేవారు. ఎంత మొత్తుకున్నా వినలేదు, మొండిఘటం. నీళ్లు మారిస్తే మట్టి మారుతుందా! ఆ తర్వాతి ఈస్టర్లకు ఉత్త చేతులతో వచ్చి సమాధి దగ్గర నిలబడేవారు. చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని.

మంచాన పడ్డాక, మిగిలిన ఒక్క దుంప నా చేతిలో పెట్టారు. "నా తలకాడ నాటు మే. మా ఇద్దరికీ ఒక్కటి పూస్తే చాలు" అన్నారు.

ఆయన పక్కనే గొయ్యి తవ్వుతుంటే నడుములోతులోనే నీరు ఊరింది. వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు కషాయం. సంఘం వాళ్లు నెల్లూరు నుంచి తెప్పించి పెట్టె మీద పెట్టిన బొకేలో కూడా గ్లాడీ పూలే ఉన్నాయి. పై మొగ్గలు విచ్చుకోకుండానే మట్టి కప్పేశారు. నా కొంగున ముడేసుకున్న దుంప ముడిలోనే ఉండిపోయింది.

ఇప్పుడది మా వంటింట్లో, ఎర్రగడ్డల బుట్టలో ఉంది. నీళ్లూ మట్టీ లేకుండానే వేలెడు మొలక వేసింది. ఆమె నాటమన్న చోట నాటితే చచ్చిపోతుంది. కుండీలో బతికించుకుంటే అది ఆమె అడిగింది కాదు. కూరకని ఎర్రగడ్డ తీయబోయినప్పుడల్లా ఆ మొలక చేతికి తగులుతోంది.