లేని టైమింగ్ బెల్టును ఒప్పుకున్న పెళ్లికొడుకు

పెళ్లిచూపుల్లో కాఫీ ఒంటిమీద ఒలకబోసుకున్నవాళ్లను చూశాను. పెళ్లికూతురనుకుని ఆమె చెల్లెలికి నమస్కారం పెట్టినవాళ్లనూ చూశాను. అవన్నీ పిల్ల చేష్టలు. పెళ్లిచూపులకు వెళ్లి, కారు బానెట్ ఎత్తి, అందులో సొంత పరువుతో పాటు కన్నవాళ్ల పరువునూ పడేసుకున్నవాడు కృష్ణా జిల్లా మొత్తం మీద నేనొక్కడినే. నిక్షేపంగా నవ్వుకోండి. ఆఖరికి గెలిచింది నేనే కాబట్టి మీరెంత నవ్వినా నాకేం నష్టం లేదు.

అప్పట్లో నాకు బెజవాడలో కొత్త ఉద్యోగం, ఒళ్లంతా పొగరు. ఫోన్లో కార్ల వీడియోలు చూసీ చూసీ, నన్ను మించిన మెకానిక్ ఆటోనగర్‌లో కూడా లేడని గట్టి నమ్మకం. స్పానర్ చేత్తో పట్టిన పాపాన మాత్రం పోలేదు. మా నాన్న కారు కొన్నప్పుడు షోరూమువాళ్లు ఒక మాట చెప్పారు. "మీ ఇంజనుకు టైమింగ్ చైనండీ, బెల్టు మార్చే బాధ లేదు." ఆ మాట మా నాన్న బంధువులందరికీ చెప్పాడు. బంధువులు కానివాళ్లందరికీ నేను చెప్పాను.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఇంజను లోపలి భాగాలు వేళ తప్పకుండా కలిసి తిరగాలంటే వాటిని కలుపుతూ రబ్బరు బెల్టో, ఇనుప చైనో ఉండాలి. చైన్ మామూలుగా ఇంజను ఉన్నన్నాళ్లూ ఉంటుంది. బెల్టును గడువు ప్రకారం మార్పించాలి. మార్పించకపోతే ఎక్కడో ఒకచోట తెగుతుంది, ఇంజను కూడా దాంతోపాటే పోతుంది. నాకు తెలిసిన శాస్త్రమంతా ఇంతే. దీంతోనే ఊరేగేవాణ్ణి.

అలాంటి రోజుల్లో కంకిపాడు నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు రమ్య, ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. అంతకుముందు వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక పెట్టిన నేను, ఆమె ఫోటో చూశాక దుర్గమ్మ కొండెక్కి, "తల్లీ, వాళ్లు నాకు వంక పెట్టకుండా చూడు" అని మొక్కుకుని వచ్చాను. ఇల్లు చేరేలోపే ఏ చొక్కా వేసుకోవాలో కూడా తేల్చేసుకున్నాను.

అమ్మ, నాన్న, మా మేనమామ, నేను కారులో వెళ్లాం. టిఫిన్లయ్యాయి. వాళ్ల నాన్న వెంకటేశ్వర్లుగారు మా నాన్నను అప్పుడే "బావగారూ" అని పిలుస్తున్నారు. పిల్లలు కాసేపు మాట్లాడుకోనివ్వండంటూ మమ్మల్ని వరండాలోకి పంపారు.

"ఖాళీగా ఉంటే ఏం చేస్తారండీ?" అంది రమ్య.

"కార్లండీ! శబ్దం వింటే చాలు, జబ్బేంటో చెప్పేస్తాను."

"అవునా! అయితే మీ కారుకి టైమింగ్ బెల్టా, చైనా?"

వంట వచ్చా, పాట వచ్చా అని అడిగే పెళ్లిచూపులే నాకు తెలుసు. ఇది మాత్రం నా కోసం దేవుడు స్వయంగా రాసి పంపిన ప్రశ్న.

"చైనండీ!" అన్నాను ఛాతీ విరుచుకుని.

"ఖాయమేనా? మా పాత కారుకి బెల్టండీ. మార్పించాలని నాన్నకి తెలీలేదు. ఉయ్యూరు దగ్గర నడిరోడ్డు మీద తెగి కూర్చుంది. ఇంజను మొత్తం పోయింది. అప్పట్నుంచీ మా ఇంటికి ఎవరి కారొచ్చినా ఇదే అడుగుతాం."

ఖాయమేనని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకునే గుణమే ఉంటే నేను నేనెందుకవుతాను?

"రండి, చూపిస్తాను" అన్నాను.

బానెట్ ఎత్తాను. ఎదురుగా ఇంజను పక్కన నల్లగా, నిగనిగలాడుతూ రబ్బరు బెల్టు! మన వైపు బానెట్ లేచిందంటే మగవాళ్లంతా చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ చేరడం ఆచారం కదా. లోపలివాళ్లంతా వచ్చేశారు.

"ఏమైంది బాబూ?" అన్నారు వెంకటేశ్వర్లుగారు.

"తప్పు చెప్పానండీ. చైన్ అన్నాను. బెల్టండీ."

"బెల్టేంట్రా! మనది చైను!" అన్నాడు నాన్న.

"మరి ఇదేంటి నాన్నా, కళ్లెదురుగా?"

నాన్న కళ్లజోడు సర్దుకుని తొంగిచూశాడు. "దీన్ని ఇక్కడెవరు పెట్టార్రా?" అన్నాడు నీరసంగా.

మా మేనమామ ఊరుకోలేదు. "మొన్న సర్వీసింగుకి ఇచ్చినప్పుడు చైన్ లాగేసి ఇది తగిలించుంటారు బావా!"

"పోనీ, బెల్టు ఎప్పుడైనా మార్పించారా?" అన్నారు వెంకటేశ్వర్లుగారు.

"లేదండీ" అన్నాను.

"కొన్న దగ్గర్నుంచీనా?"

"కొన్న దగ్గర్నుంచీనండీ."

ఆయన మొహం మాడిపోయింది. "అంటే ఎప్పుడు తెగుతుందో తెలీని బండిలో ఇంట్లోవాళ్లని తిప్పుతున్నారన్నమాట" అన్నారు. ఆ తర్వాత మా నాన్నను "ఏవండీ" అని పిలవడం మొదలుపెట్టారు. బావగారు ఎటుపోయారో తెలియదు. సంబంధం చేజారిపోతోందని నాకు అర్థమైపోయింది. ఏడుపొక్కటే తక్కువ.

"బండి ఇక్కడే వదిలేసి బస్సులో వెళ్లండి. దాన్ని స్టార్ట్ చెయ్యొద్దు" అన్నారాయన.

"తప్పంతా నాదేనండీ" అన్నాను. "నాన్నని ఏమీ అనకండి. కార్ల గురించి అంతా తెలుసని ఇంట్లో డప్పు కొట్టింది నేను. చూసుకోవాల్సిందీ నేనే. అసలు శబ్దం వింటే జబ్బు తెలుస్తుందన్నది కూడా అబద్ధమేనండీ."

అడగనిది కూడా ఒప్పుకుంటుంటే మా అమ్మ తల పట్టుకుంది. రమ్య చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పాపం, ఏడుస్తోందనుకున్నాను. చున్నీ తీశాక చూస్తే నవ్వు.

"నాన్నా, అది ఏసీకీ, బ్యాటరీ చార్జింగుకీ తిరిగే బెల్టు. చైన్ ఉన్న కార్లకి కూడా ఇది ఉంటుంది. మా కాలేజీలో ఒక మేడమ్‌ది ఇదే కారు, కొనేటప్పుడు నేనే కనుక్కున్నా. వీళ్లది టైమింగ్ చైనే. ఇంజను మూత వెనకాల ఉంటుంది, బానెట్ ఎత్తినా కనపడదు."

"నే చెప్పలా!" అని మా నాన్న ఒక్కసారిగా జానెడు ఎత్తు పెరిగాడు.

"మరి మొదట్లోనే చెప్పొచ్చు కదండీ?" అన్నాను నేను, ప్రాణం లేచొచ్చి.

"ఎంతదాకా ఒప్పుకుంటారో చూద్దామనండీ" అంది.

ఏ సంగతీ ఫోన్ చేసి చెబుతామని పంపించేశారు వెంకటేశ్వర్లుగారు. "సరైన సమాధానం చెప్పి సంబంధం పోగొట్టుకున్నవాణ్ణి నిన్నే చూశాన్రా" అన్నాడు నాన్న, తిరుగు ప్రయాణంలో. బెంజి సర్కిల్ దాటుతుండగా ఆయన ఫోన్ మోగింది, స్పీకర్లో పెట్టాడు. వెంకటేశ్వర్లుగారు.

"మా అమ్మాయికి నచ్చాడండీ."

"మావాడా? ఏం చూసి?" అన్నాడు నాన్న. కన్నతండ్రి అడగాల్సిన ప్రశ్నేనా అది!

"నేనూ అదే అడిగానండీ. తప్పు చేసి ఒప్పుకునే మగాడే కరువు నాన్నా, చెయ్యని తప్పు కూడా ఇంతమందిలో ఒప్పుకున్నాడు, ఇలాంటివాణ్ణి వదులుకుంటానా అంటోంది."

విన్నారా? పెద్ద జీతాలవాళ్లు, సొంత మిల్లులవాళ్లు ఎందరో చూసి వెళ్లిన ఇంట్లో జయభేరి మోగించింది నేను! అదీ, ఉన్న చైన్‌ను కాదని, లేని బెల్టును ఒప్పుకుని! ఆ సాయంత్రం బెజవాడలో నా అంత మొనగాడు లేడు.

అయినా జరిగింది పొరపాటే గనక, దుర్గమ్మ సాక్షిగా మీ అందరి ముందూ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా బొందిలో ప్రాణం ఉండగా, చెయ్యని తప్పును ఒప్పుకోను గాక ఒప్పుకోను.

ఇంతవరకూ రాసి రమ్యకు చూపించాను. మొత్తం చదివి, "ఆ ప్రతిజ్ఞ ఒక్కటీ తప్పండీ" అంది.

అవును, తప్పే. ఒప్పుకుంటున్నాను.