కారు వెనక చలి కాచుకున్నవాళ్ళు

సత్తుపల్లి కార్ల అడ్డాలో సంతకం పెట్టనివాడు బద్యా ఒక్కడే మిగిలాడు. మిగతావాళ్ళంతా ఎప్పుడో పెట్టేశారు. చందూలాల్ అయితే ముందు సంతకం పెట్టి, అదేం కాగితమో తర్వాత కనుక్కున్నాడు. వాళ్ళు నడిపే డీజిల్ కారును తయారుచేసిన కంపెనీ మీద కేసు అది. పొగ పరీక్షకు నిలబెడితే ఆ కారు బుద్ధిగా ఉంటుందట, రోడ్డెక్కగానే వదలకూడని పొగంతా వదులుతుందట. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రం చేతులు కట్టుకుని కూర్చునే బడిపిల్లల బాపతు అన్నమాట. అది కొన్నవాళ్ళందరినీ ఒక్కచోట చేర్చి కోర్టుకెక్కుదామని వకీలు వెంకటప్పయ్య పూనుకున్నాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగడానికి వకీలు తనే ముందుకొస్తే, బద్యా మాత్రం "ఆలోచించి చెప్త సారూ" అంటూ వాయిదా వేస్తున్నాడు. ఇందులో ఆలోచించేదేముందో అడ్డాలో ఎవరికీ అంతుబట్టలేదు. పెళ్ళాంతో పాటు మతి కూడా పోయిందన్నారు. కుండ మూతికైతే మూకుడు పెట్టొచ్చు, లోకం మూతికి ఏం పెడతాం?

మతి పోలేదు. మనిషి మొద్దుబారాడు, అంతే. పెళ్ళాం ద్వాలి వానాకాలంలో పోయింది. ఏడాదిపాటు దగ్గి దగ్గి, చివరికి ఖమ్మం దవాఖానాలో ఊపిరి చాలక పోయింది. బద్యా ఏడవలేదు. దినాలు జరిపించాడు. కిరాయి వస్తే వెళ్ళాడు, కంచంలో పెడితే తిన్నాడు. పుష్యమాసం వచ్చి వేంసూరు పొలాల మీద మంచు దిగినా స్వెటరు తొడుక్కోలేదు. ములకలపల్లి దవాఖానాలో నర్సుగా చేసే కూతురు సంగీత సెలవుకు వచ్చి, "చలి పెడ్తలేదా బా?" అని అడిగితే, కాసేపు ఆలోచించి "లేదు" అన్నాడు. అబద్ధం కాదు. నిజంగానే ఆయనకు ఏమీ తెలియడం లేదు.

ఇక ఆ కారు సంగతి చెప్పాలి. కొన్నరోజు షోరూం కుర్రాడు తెల్లటి చేతిరుమాలు సైలెన్సర్‌కు అడ్డం పెట్టి, ఇంజను స్టార్ట్ చేసి చూపించాడు. రుమాలు తెల్లగానే ఉంది. బద్యాకు ఆ ఆట ఎంత నచ్చిందంటే, తండాకు వచ్చాక తన కొత్త తువ్వాలు పెట్టి ఇంటింటివాళ్ళకూ చూపించాడు. "చూడున్రి, మచ్చ పడ్డదా?" పడలేదు. ఎవరూ ముక్కు పెట్టి చూడలేదు, తువ్వాలే చూశారు.

చలికాలం పొద్దున డీజిల్ బండి కాసేపు వేడెక్కితే గాని కదలదు. వాకిట్లో దాన్ని ఆన్ చేసి వదిలి బద్యా చాయ్ తాగేవాడు. పక్కింటి బిచ్యా ముసలాయన ఒకనాడు దాని వెనక్కి వెళ్ళి, అరచేతులు చాపి, "వెచ్చగున్నది రా" అన్నాడు. అంతే, అదొక ఆచారమైపోయింది. అడవికి వెళ్ళి కట్టె తెస్తే ఫారెస్టోళ్ళతో తగాదా, ఇదైతే అడిగేవాడు లేడు. తెల్లారేసరికి నలుగురైదుగురు కారు వెనక గొంతుక్కూర్చునేవాళ్ళు. చన్నీళ్ళలో అంట్లు తోముకుని, చేతులు కొంకర్లు పోయి ద్వాలి వాకిట్లోకి వచ్చేది. బద్యా చాయ్ గ్లాసు పట్టుకునే పిలిచేవాడు.

"దా, కాచుకో."

ఆమె వచ్చి కూర్చునేది. ముందు చేతులు, తర్వాత మొహం. సంగీత బడికి వెళ్ళే రోజుల్లో ఆ పిల్ల తడి లంగా కూడా అక్కడే ఆరబెట్టేది. "కట్టె అడగని పొయ్యి తెచ్చినవ్" అని మురిసిపోయేది. మొగుడు తెచ్చిన వస్తువును నలుగురిలో మెచ్చుకోవడం ఆమెకు ఆ ఒక్కదాని విషయంలోనే కుదిరిందేమో, ఏటా అదే మాట అనేది.

ఇవన్నీ వకీలుకు తెలియవు. ఆయన ఆఫీసులో కూర్చోబెట్టి కేసు వివరించిన రోజు బద్యా ఒక్కటే అడిగాడు.

"ఆ పొగ నిజంగనే ఖరాబుదా సారూ?"

"ఖరాబు కాకపోతే కేసెందుకయ్యా? ఊపిరితిత్తులకి మహా చెడ్డది. అదే మన బలం" అన్నాడు వెంకటప్పయ్య హుషారుగా.

బద్యా చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

సంగీత ఆ సంగతి కూపీ లాగింది. "సంతకం పెడితే నీకేం పోతది బా?"

"పొగ చెడ్డదని రాసియ్యాలె."

"చెడ్డదే గదా."

"పిలిచింది నేను బిడ్డా." కిరాయి ఎంతో చెప్పినట్టు చెప్పాడు. "రోజూ నేనే పిలిచిన."

సంగీత ఆయన మోకాలు పట్టుకుంది. తల్లిని ఆ పిల్ల యాడి అనేది. "యాడి పొయ్యి కాడ గూడ పొగ మింగింది. దేంతోని అయ్యిందో డాక్టరే చెప్పలేదు. నువ్వెట్ల చెప్తవ్?" అంది. ఆ పిల్ల అన్నది సబబే. కానీ సబబైన మాటలు మొద్దుబారినవాడి మీద వాన చినుకుల్లా జారిపోతాయి. బద్యా తలూపి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున అలవాటుగా కారు ఆన్ చేసి చాయ్ పట్టుకున్నాడు. ద్వాలి పోయాక వెనక ఎవరున్నారో చూడడం మానేశాడు. ఆ రోజు చూశాడు. బిచ్యా గొంతుక్కూర్చుని ఉన్నాడు, పక్కన ఆయన మనవరాలు, ఒళ్ళో చంటిదాన్ని పెట్టుకుని. చంటిదాని కాళ్ళు సైలెన్సర్ వైపు చాపి రుద్దుతోంది.

బద్యా వెళ్ళి ఇంజను ఆపేశాడు.

"ఏంది రా, డీజిల్ అయిపోయిందా?" అన్నాడు బిచ్యా.

"లేదు కాకా. ఆ పొగ మంచిది కాదు. పిల్లను లోపలికి తీస్కపోండ్రి."

"ఎవడన్నడు?"

"కోర్టుల అంటున్నరు."

"కోర్టోళ్ళు వంద అంటరు. ఇన్నేండ్లు కాచుకున్నం. నువ్వేమంటున్నవ్?"

బద్యా చంటిదాని వైపు చూశాడు. అనకపోతే రేపు కూడా ఆ పిల్ల కాళ్ళు అక్కడే ఉంటాయి. అంటే, ద్వాలి కూడా అక్కడే కూర్చున్నట్టు అందరిముందు ఒప్పుకున్నట్టే.

"నేనూ గదే అంటున్న కాకా. చెడ్డది."

మనవరాలు చంటిదాని కాళ్ళు కొంగులో చుట్టేసింది. బిచ్యా తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "మరి ద్వాలి..." అని మొదలుపెట్టి, బద్యా మొహం చూసి ఆపేశాడు.

"అవ్" అన్నాడు బద్యా.

ఆ రోజే వకీలు దగ్గరికి వెళ్ళాడు. సంతకానికి ముందు, తన భార్య ఆ పొగ దగ్గర చలి కాచుకునేదని, తనే పిలిచేవాడని కూడా రాయమన్నాడు. వెంకటప్పయ్య కళ్ళజోడు తీసి, మెత్తగానే చెప్పాడు. "ఇది కార్లు కొన్నవాళ్ళ కేసు బద్యా. కారు వరకే. ఆమె సంగతి ఇందులోకి రాదు."

"రాదా సారూ?"

"రాదయ్యా."

బద్యా సంతకం పెట్టాడు. మనసేమీ తేలిక కాలేదు. బరువు కూడా కాలేదు.

కిరాయి మానితే కుదరదు, వాకిట్లో ఇంజను ఆన్ చేయకూడదు. మర్నాడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, తలుపు తెరిచి స్టీరింగు పట్టుకుని ఒక్కడే తోయబోయాడు. కదల్లేదు. బిచ్యా కర్ర పక్కన పడేసి, "నేను పట్టుకుంట, నువ్వు ఎన్కకు పో" అన్నాడు. తండా దాటి తారురోడ్డు దాకా తీసుకెళ్ళి అక్కడ స్టార్ట్ చేద్దామని.

బద్యా కారు వెనక్కి వచ్చాడు. ద్వాలి కూర్చునే చోట నిలబడి, రెండు చేతులూ డిక్కీకి ఆనించి తోశాడు. రాత్రంతా మంచులో తడిసిన రేకు చేతుల్ని కొరికింది. రోడ్డు చేరేసరికి ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి.

"స్వెటరేది రా?" అని అరిచాడు బిచ్యా ముందు నుంచి.

బద్యా రెండు చేతులూ చంకల్లో దూర్చుకున్నాడు. ద్వాలి పోయాక ఆయనకు చలి వెయ్యడం అదే మొదలు.