కళ్ళు పెట్టని ఆంజనేయుడు

మా జనార్దనన్నను ఎవరైనా శిల్పి అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక పత్రికవాళ్ళు ఫోటో వేసి మరీ అలా రాశారు. ఆయన టర్నరు. మద్రాసు పక్కన అంబత్తూరులో మా పంపుల కంపెనీలో ఇరవై రెండేళ్ళు ఒకే లేత్ మీద పనిచేశాడు. నేను అక్కడే టైమ్ కీపర్ని. తొంభై ఆరులో ఒక సోమవారం పొద్దున్నే వెళ్ళేసరికి గేటుకు తాళం, తాళం పక్కన నోటీసు. మేమంతా గొంతులు పోయేలా అరిచాం. ఆయన మాత్రం టిఫిన్ క్యారియర్ పట్టుకుని షిఫ్టు ముగిసే వేళదాకా అక్కడే నిలబడి, ఇంటికి పోయాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. ఆయుధ పూజ నాడు లోపల లేత్‌కు బొట్టు పెట్టే దిక్కు లేదు. ఆ రోజే ప్రహరీ వెనక కంపెనీ ఎప్పుడో పారబోసిన తుక్కులోంచి పాడైన బేరింగులు, పళ్ళు అరిగిన గేర్లు ఏరడం మొదలుపెట్టాడు. పక్క షెడ్డువాళ్ళ వెల్డింగ్ సెట్టు అడిగి తెచ్చుకున్నాడు. నాలుగు నెలలకు గేటు పక్కన, మొహం గేటు వైపుకు, మనిషెత్తు ఆంజనేయుడు నిలబడ్డాడు. ఛాతీ పంపు మూత, గద పాత వాల్వు, తోక సైకిల్ చెయిను. బస్సుల్లో పోయేవాళ్ళు కిటికీల్లోంచే దండం పెట్టుకునేవాళ్ళు.

కళ్ళు మాత్రం పెట్టలేదు. వాటి చోట రెండు బేరింగు రింగులు ఖాళీగా ఉండేవి. అందులో పెట్టాల్సిన ఉక్కు గుండ్లు ఆయన చొక్కా జేబులో ఉండేవి.

ఎందుకన్నా అని అడిగాను. "కళ్ళు తెరవంగానే సామికి మంచిది కనపడాల రాఘవులూ. గుళ్ళో అయితే అద్దం చూపిస్తారు, ఆవును చూపిస్తారు. ఈడ మనం షిఫ్టుకు లోపలికి పోయేది చూపిద్దాం" అన్నాడు.

గేటుకు తాళం పడి రెండేళ్ళు గడిచాయి. నేను మద్రాసులోనే చూలైలో ఒక హార్డ్‌వేర్ కొట్లో కుదిరాను. ఆయన ఎక్కడా కుదరలేదు. రాజలక్ష్మి వదిన ఒకసారి చారులో ఉప్పు మర్చిపోతే, మూడుసార్లు పోసుకుని తిన్నాడట, పన్నెత్తి ఒక్క మాట అనలేదట. మనిషన్నాక కోపం రావాలి కదా! ఆయనకు రాని కోపం నాకొచ్చేది, అదీ ఆయన మీదే.

తొంభై ఎనిమిదిలో, అరవవాళ్ళ ఆడి నెలలో గేటు తెరిచారు. మమ్మల్ని పిలవడానికి కాదు. మిషన్లను పాత ఇనుము కింద కొన్న కాంట్రాక్టరు లారీలతో వచ్చాడు. కబురు తెలిసి పరుగెత్తుకెళ్ళాను. అప్పటికే మొదటి లారీలో అన్న లేత్ ఎక్కి ఉంది.

కాంట్రాక్టరు ఆంజనేయుణ్ణి చూసి, ఇదీ కంపెనీ ఇనుమే, ఎక్కించండి అన్నాడు. కూలీలు జంకారు.

"సామి సార్" అన్నాడు ఒకడు.

"కళ్ళు లేనిది సామేంది? ఉట్టి బొమ్మ. కళ్ళుంటే నేనే దండం పెట్టి పోతా" అన్నాడు కాంట్రాక్టరు.

గేటు ముందు ఇడ్లీలమ్మే కన్నియమ్మ అన్న చెయ్యి పట్టుకుంది. "పెట్టెయ్యన్నా! కళ్ళు పెట్టేస్తే ఎవురూ తాకరు!"

"పెట్టన్నా! రెండు గుండ్లే గదా!" నేనూ అరిచాను.

ఆయన జేబులోంచి గుండ్లు తీశాడు. బొమ్మ మొహం దాకా చెయ్యెత్తాడు. ఎందుకో వెనక్కి తిరిగి, దాని ఎదురుగా ఉన్నదంతా ఒకసారి చూశాడు. తెరిచిన గేటు, లారీ, లారీలో తాళ్ళతో కట్టిన తన లేత్.

"దీన్ని చూపించేదానికా రాఘవులూ?" అన్నాడు. గుండ్లు మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు. నలుగురు కూలీలు బొమ్మను వంచుతుంటే దగ్గరికి వెళ్ళాడు.

"తోక పట్టుకోవద్దప్పా, ఊడొస్తాది. నడుం కింద చెయ్యి పెట్టండి" అన్నాడు. తనూ ఒక చెయ్యి వేశాడు.