తూర్పు దర్వాజ

ఏటా చెరకు కోతకు పోయి తడి గుడిసెల్లో పడుకోవడం వినోదకు విసుగొచ్చింది. నారాయణఖేడ్‌లో ఒక పాత డీజిల్ వ్యాను కొని, సీట్లు పీకించి, మంచం, పొయ్యి పెట్టించింది. బండి నడపడమూ నేర్చుకుంది. ఇల్లన్నాక పాలు పొంగించాల్సిందేనని ఇరుగుపొరుగును పిలిచింది.

తీరా అత్త అమృతమ్మ వ్యాను మెట్టు దగ్గరే ఆగిపోయింది. "దర్వాజ దక్షిణం దిక్కున్నది. నేను కాలు పెట్ట."

పక్కింటి నర్మద కిసుక్కున నవ్వింది. "వాస్తు సూడకుండనే కొన్నవా?"

వినోద బండెక్కి తాళం తిప్పింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. డీజిల్ పైపులో గాలి చేరితే ఇంతేనని మెకానిక్ ఫకీర్ మియా ముందే చెప్పి, దాన్ని తీయడం నేర్పాడు. ఆమె కొంగు దోపి, బోల్టు వదులు చేసి, చేతిపంపు నొక్కసాగింది. మోచేతుల దాకా డీజిల్ కారినా బుడగలు ఆగేదాకా వదల్లేదు. బోల్టు బిగించి మళ్లీ తాళం తిప్పింది. ఈసారి ఇంజను అందుకుంది.

జనం పక్కకు జరిగారు. వినోద వ్యానును వెనక్కీ ముందుకీ ఆడించి, మళ్లించి నిలబెట్టి దిగింది.

"అత్తమ్మా, ఇగ దర్వాజ తూర్పుకచ్చింది. లోపలికి రా."

తర్వాత నర్మద వైపు తిరిగింది.

"మీ దర్వాజ గూడ దక్షిణమే గద వదినా. జర తిప్పు, సూస్త."