బోర్లించిన మూకుళ్లు

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సింహాచలం అంటే నాకు కుళ్లు. ముందు ఇది ఒప్పేసుకుంటే మిగతాది కాస్త తేలిక.

పాలిటెక్నిక్‌లో మాది ఒకే బెంచీ. వాడు నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ల కొడుకు. నా డ్రాయింగులు చూసి గీసేవాడు. తర్వాత నాకు కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చింది, వాడు ఊళ్లో ప్లాన్లు గీసుకుంటూ ఉండిపోయాడు. గెలుపు నాదే అనుకున్నాను.

అప్పుడు మా ఆఫీసుకి ఒక పథకం వచ్చింది. కొత్తగా కట్టే షాపులు, హోటళ్లు తక్కువ కరెంటుతో నడిచేలా ముందే డిజైన్ చేసుకుంటే సర్టిఫికెట్టు, బిల్లులో రాయితీ. తనిఖీ నా పని. వచ్చిన మొదటి దరఖాస్తే సింహాచలానిది. ఆమదాలవలసలో ఒక బట్టల షావుకారు కట్టే షాపు. స్లాబులో వరసగా మట్టి మూకుళ్లు బోర్లించి, వాటి మీద కాంక్రీటు పోస్తాడట. లోపల గాలి నిలిచి ఎండ వేడి కిందకి దిగదు, ఏసీల పని సగానికి తగ్గుతుంది. మా ఆఫీసరు ఆ ప్లాను పట్టుకుని బల్లబల్లకీ తిరిగాడు. ఇలాంటి బుర్ర మనలో ఒక్కడికైనా ఉందా అన్నాడు. నా బల్ల దగ్గరే ఎందుకు ఆగాడు? అసలు ఆగాడా, నాకే అలా అనిపించిందా?

కాంక్రీటు పడ్డాక మూకుళ్లు ఎవరికీ కనబడవు. అందుకని స్లాబుకి ముందే చూసి సంతకం పెట్టాలి. నేను ఆ ఫైలు సొరుగులో అడుక్కి తోసేశాను. స్లాబు ముందురోజు వాడు ఫోన్ చేశాడు.

"బావా, రేపే ముహూర్తం. నువ్వొచ్చి సూడకుండా ఎయ్యొచ్చేటి? కాదంటే సెప్పు, షావుకారి కాళ్లట్టుకునైనా ఆపిస్తాను."

"ఏసెయ్‌రా. నాను లేనేటి?"

ఆ మాట అంటున్నప్పుడే నేనేం చేయబోతున్నానో నాకు తెలుసు.

మర్నాడు వెళ్లాను. స్లాబు రోజు మేస్త్రీలకీ కూలీలకీ వేటమాంసంతో భోజనం పెట్టడం మా వైపు ఆనవాయితీ, నన్నూ పిలిచారు. అందరూ వడ్డనల హడావిడిలో ఉండగా ఒక్కణ్ణే నిచ్చెనెక్కి చూశాను. ఇంకా నాలుగు వరసల మీద కాంక్రీటు పడలేదు. ఎర్రటి మూకుళ్లు, ఒక్కటి కూడా వంకర లేదు. దిగొచ్చి వాడి పక్కనే కూర్చుని తిన్నాను. వాడు తన ముక్కలు నా విస్తట్లో వేశాడు.

వారం తిరక్కుండా నివేదిక రాశాను. "వెళ్లేసరికి స్లాబు పూర్తయింది. మూకుళ్లు ఉన్నట్టు నిర్ధారించలేము."

సర్టిఫికెట్టు రాలేదు. షావుకారు ఊరుకోలేదు. మూకుళ్ల వంక పెట్టి సింహాచలం సిమెంటు తినేశాడని బజారంతా చాటాడు. ఆ తర్వాత వాడికి పెద్ద కట్టడం ఒక్కటీ ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ప్రహరీలకీ రేకుల షెడ్లకీ గీస్తున్నాడు. నన్ను అనుమానించనైనా లేదు. రూలు అలా ఉంటే నువ్వేం చేస్తావని నన్నే ఓదార్చాడు.

మొన్న రోహిణి ఎండల్లో మా ఆవిడకి చీర కొనాలని ఆ షాపుకే వెళ్లాను. కరెంటు లేదు. అయినా లోపల చల్లగా ఉంది. ఎంత చల్లగా ఉందంటే, అక్కడ నిలబడి సిగ్గుపడాల్సింది పోయి మళ్లీ కుళ్లుకున్నాను! బతుకు పాడుచేశాక కూడా వాడి మీద ఇంకా ఏం మిగిలింది నాకు?

వాడి మొహం చూసి చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఆ నివేదికలో రాయాల్సిన మాట మాత్రం ఇక్కడ రాస్తున్నాను. గుండె తేలికపడుతోంది.

స్లాబులో మూకుళ్లు ఉన్నాయి. నేను నా కళ్లతో చూశాను.