మంచు చిరుతకు మిరప పొగ

లద్దాఖ్‌లోని మా సైనిక పోస్టుకు మధ్యాహ్నం చేరాను. పదిహేను వేల అడుగుల ఎత్తు. ఎండలో ముఖం మాడుతోంది, నీడలో వేళ్లు మొద్దుబారుతున్నాయి. మెస్ గోడకు మంచు చిరుత బొమ్మ అతికించారు. ‘ఇది బతికితే కొండ బతుకుతుంది’ అని కింద రాశారు. కొండను కాస్తున్న మా బొమ్మలు మాత్రం ఎక్కడా లేవు.

సెప్టెంబరులో, తొలి మంచు కురిసిన వారం, ఆ బొమ్మలోని శాల్తీయే స్వయంగా వచ్చి మాంసం దాచే గుడారం చింపింది. సుబేదారు నాకు ఆదేశం ఇచ్చాడు. “కాల్చొద్దు. ముట్టుకోవద్దు. రాయి కూడా విసరొద్దు. ఇటు రాకుండా చూడు, అంతే.”

గుడారం వెనక బండల నెర్రెలోకి అడుగుజాడలు వెళ్లాయి. మాది అద్దంకి పక్క పల్లె. పొలం గట్టున ఎలుక బొరియ కనిపిస్తే, కుండలో ఎండుగడ్డీ మిరపకాయలూ రాజేసి లోపలికి పొగ ఊదుతాం. నా దగ్గర అమ్మ పంపిన ఎండుమిరపకాయలు ఉన్నాయి. డిగ్రీ కూడా ఉంది.

“ఒరేయ్, అదేమన్నా ఎలకనుకున్నావంట్రా?” అన్నాడు మా వంటవాడు. వాడిది ప్రత్తిపాడు.

“ముట్టుకోవద్దన్నారు. నేనేమన్నా ముట్టుకుంటున్నానా?”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది.”

రేకు డబ్బాలో నిప్పులు పోసి, మిరపకాయలు వేసి, నెర్రె మూతిలో పెట్టాను. చిరుత ఒక్క దూకున బయటపడింది. మంచులో ముఖం రుద్దుకుంది. చూపు ఆనక బండకు గుద్దుకుని, వాలు మీదుగా పైకి పారిపోయింది. మేం నవ్వాం.

అప్పుడు నెర్రెలోంచి దగ్గు వినిపించింది. చిన్న దగ్గు.

బొరియలో పిల్లలుంటాయని తెలియని రైతుబిడ్డ ఉండడు. ఎలుకలకు పొగ పెట్టేదే అందుకు.

డబ్బాను తన్నేశాను. పిల్లి అంత కూన బయటికొచ్చి కూర్చుంది. కళ్లు తెరవలేకపోతోంది. వైర్‌లెస్ ఆపరేటర్ కింది బేస్‌ను అడిగాడు. అటునుంచి జవాబు వచ్చింది. “ముట్టుకోకండి. తల్లి రావాలంటే మీరు వెనక్కి తగ్గండి. ఓవర్.”

ముట్టుకోకుండా ఉండటం ఈసారి కష్టమైంది.

“తల్లి వస్తుందంటావా?” అన్నాను.

వంటవాడు నా ముఖం చూడలేదు. “నువ్వైతే వస్తావా, ఈ పొగలోకి?”

తెల్లారేసరికి నెర్రె ఖాళీ.

సర్వీసు ముగించుకుని ఊరికొచ్చాను. మా బడిలో వన్యప్రాణుల వారం జరిపితే నన్నే పిలుస్తారు, చిరుతను దగ్గర నుంచి చూసినవాణ్ణని. “ఎలా ఉంటుందండీ?” అని టీచరుగారు అడుగుతారు. “అందంగా ఉంటుందండీ,” అంటాను. చప్పట్లు కొడతారు.

నాకు కనిపించేది ఆ ఉదయపు వాలు. తల్లి ఒక్కో గెంతులో దాటిన మంచులో, చిన్న పాదాలు పడి, లేచి, మళ్లీ పడిన గుర్తులు. కొంత పైకి వెళ్లాక పెద్ద అడుగులు కుడికి తిరిగాయి. చిన్నవి నేరుగా పోయాయి.