మా మాస్టారు చేసిన చేప మొహం

మా డ్రాయింగు మాస్టారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న ఫోనొచ్చింది. నేను భీమవరంలో, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఫోను పెట్టేసి, ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న సీసాకే రెండు లేబుళ్లు అంటించాను. ఏడుపు సాయంత్రానికి గానీ రాలేదు.

ఆయన పేరున్న చిత్రకారుడేమీ కాదు. నరసాపురం దగ్గర మా బడిలో బొమ్మలు నేర్పేవారు. వార్షికోత్సవం వస్తే వేషాలకు కావలసిన కిరీటాలూ మాస్కులూ ఆయనే చేయించేవారు. మాస్కు అనే మాట మాత్రం ఆయన నోట రాదు, "మొహం" అనేవారు. "మీ మొహాలు ఆరాయా?" అని అడిగితే కొత్త పిల్లలు చెంపలు తడుముకునేవారు.

మా తొమ్మిదో తరగతిలో దశావతారాలు వేయించారు. మత్స్యావతారం ఎవరని అడగ్గానే క్లాసంతా నా వైపు తిరిగి నవ్వింది. మా అమ్మ బజార్లో చేపలమ్మేది. నా బ్యాగు వాసనొస్తుందని పక్కన కూర్చోడానికి ఒప్పుకోనివాళ్లుండేవారు. మాస్టారు ఆ నవ్వు విన్నారో లేదో గానీ నా పేరు రాసేసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. వేస్తే వేస్తాను గానీ నా మొహం ఎవరికీ కనపడకూడదని, మెడ దాకా మూసేసే చేప తల చేసుకోవాలని పంతం పట్టాను. అమ్మకు వార్షికోత్సవం సంగతే చెప్పలేదు. ఆమె వస్తే మళ్లీ అందరూ నవ్వుతారని భయం. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మా ఇంట్లో థర్మాకోల్‌కి కొదవ లేదు. ఐసూ చేపలూ సర్దే పెట్టెలు విరిగితే పెరట్లోనే పడేసేవాళ్లం. ఆ ముక్కలు అతికించి, తల ఆకారంలో చెక్కి, ఆటో షెడ్డు నుంచి తెచ్చిన వెండి రంగు స్ప్రే కొట్టాను. ఒక్క క్షణం తళతళలాడింది. ఆ వెంటనే కరగడం మొదలైంది. ముందు ముక్కు పోయింది, తర్వాత కన్ను పోయింది. మిగిలినదాన్ని సంచిలో దాచి మాస్టారి దగ్గరకు తీసుకెళ్లాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "రంగు బాగా ఆకలి మీదున్నట్టుందమ్మా, చేపని తినేసింది" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నీకు కావల్సిందేంటి, మెరుపా?"

"అవునండి."

"మెరుపు డబ్బాలో దొరుకుతుంది. నునుపు మనమే చేసుకోవాలి."

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. బంకమట్టి అచ్చు మీద మైదా జిగురుతో పాత పేపరు ముక్కలు, పైపొరకు పల్చటి తెల్ల కాగితం, ఆపైన గతుకులు పూడ్చే లప్పం. అది ఆరాక ఎమిరీ కాగితంతో రుద్దుడే రుద్దుడు. మాస్టారు కళ్లు మూసుకుని వేలితో తడిమి, "ఇదిగో, ఇక్కడ గతుకుంది" అనేవారు. నా కంటికి కనపడని గతుకు ఆయన వేలికి దొరికిపోయేది. ఆఖర్న వార్నిష్‌కి తొందరపడితే, "ముసురు తగ్గనీ. ఈ చెమ్మలో వేస్తే తెల్లగా పాలిపోతుంది" అని మూడు రోజులు ఆపారు.

రంగు కలిపే ముందు, "తాజా చేప ఎలా మెరుస్తుందమ్మా?" అని అడిగారు. చెప్పడం చేతకాక, మర్నాడు శీలావతి చేపని తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. కోనసీమ అగ్రహారంలో పుట్టిన మనిషి, చేపని ముట్టి ఎరగరు. వరండాలో గుడ్డ విప్పి, వేలు చాపి, వెనక్కి తీసుకుని, మళ్లీ చాపి దాని వీపు నిమిరారు.

"ఎంత నునుపమ్మా!" అన్నారు. "వీపు నలుపూ పొట్ట తెలుపూ ఎక్కడ కలిశాయో తెలీట్లేదు. ఎలా కలపాలో నువ్వే చెప్పాలి."

క్లాసంతా చూస్తుండగా నేను చెప్పాను, ఆయన కలిపారు. ఆ బడిలో నాకు తెలిసిన విషయాన్ని ఒకరు అడిగి తెలుసుకోవడం అదే మొదటిసారి.

అంతా అయ్యాక ఆయన కత్తి తీసుకుని చేప నోరు వెడల్పుగా కోసేశారు. నేను కేక పెట్టాను.

"కేలండర్లో చూళ్లేదా? స్వామి చేప నోట్లోంచి బయటికొస్తాడు. నీ మొహం కనపడకపోతే ఇది ఉత్త చేపేగా."

"వద్దండి."

"ఇంత బాగా చేసి, లోపల దాక్కుంటావేంటమ్మా?"

వార్షికోత్సవం నాటి సాయంత్రం స్టేజీ ఎక్కగానే చేప మెరుపు చూసి జనం చప్పట్లు కొట్టారు. రెండో వరసలో, ఉతికిన చీర కట్టుకుని, కుర్చీ అంచున అమ్మ కూర్చుని ఉంది. ఆమె చేపని చూడటం లేదు, నన్నే చూస్తోంది. తల దించుకుందామనుకున్నాను. మెడ దాకా బిగిసిన ఆ చేప తలలో మెడ వంగలేదు.

ఇంటికి నడుస్తుంటే అమ్మ అంది: "మేస్టారుగారు బజారుకొచ్చి మరీ పిలిచేరే. పని హడావిడిలో నువ్వు చెప్పడం మర్చిపోయేవంట కదా."

"అవునమ్మా, మర్చిపోయాను" అన్నాను.

నేను మర్చిపోలేదని ఆయనకు తెలుసు. నా కోసం ఆడిన ఆ అబద్ధాన్ని ఎప్పుడూ నా దగ్గర ఎత్తలేదు, నేనూ కృతజ్ఞత చెప్పుకోలేదు. మంగళవారం వచ్చిన ఏడుపు అందుకే.

వార్షికోత్సవం నాటి ఆ సాయంత్రం దారంతా అమ్మ చేప మొహాన్ని నా చేతికివ్వలేదు. దుమ్ము పడితే కొంగుతో తుడుస్తూ, రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నడిచింది. ఎదురొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా ఆగింది. "మా అమ్మాయి చేసిందండి" అంటూ చూపించింది.